గల్లాపెట్టె మీద కన్ను



2024 సెప్టెంబరు 6. సోనీ కంపెనీలో ఆ ఒక్కరోజే రెండు సంగతులు జరిగాయి. ‘ఆస్ట్రో బాట్’ అనే ఆట విడుదలైంది, ‘కాంకర్డ్’ అనే ఆట ఆగిపోయింది. కాంకర్డ్ వచ్చింది ఆగస్టు 23న. అంటే పద్నాలుగు రోజుల ముచ్చట. ఫ్లాపైన సినిమా అయినా కొన్నాళ్లకు టీవీలో వస్తుంది. ఇది సర్వర్ల మీద నడిచే ఆట కాబట్టి కొన్నవాళ్ల దగ్గర కూడా మిగల్లేదు. డబ్బు మాత్రం తిరిగిచ్చేశారు.

ఇలాంటివాటిని లైవ్ సర్వీస్ ఆటలంటారు. ఒకసారి అమ్మి ఊరుకోరు. సీజన్‌కో పాస్, పండక్కో వేషం అమ్ముతూనే ఉంటారు. ఫోర్ట్‌నైట్ అనే ఆట సంపాదన చాలావరకు అదే. సోనీ వాళ్ల ఆటల యంత్రం ప్లేస్టేషన్‌లో ఎవరు ఏ వేషం కొన్నా అందులో సోనీకి వాటా వెళ్తుంది. కాలు కదపకుండా వచ్చే అద్దె అన్నమాట. అద్దె తింటున్న ఆసామికి కొట్టువాడి గల్లాపెట్టె మీద కన్నుపడింది. కొట్టు నేనే పెడితే పోలా అనుకున్నాడు.

పెట్టింది ఒక కొట్టు కాదు. 2022లో ‘డెస్టినీ’ అనే లైవ్ ఆట చేసిన బంగీ స్టూడియోను 360 కోట్ల డాలర్లకు కొన్నారు. 2026 మార్చిలోగా పదికి పైగా లైవ్ ఆటలు తెస్తామన్నారు. 2023 నవంబరుకల్లా, అనుకున్న పన్నెండు కాస్తా ఆరుకు దిగాయి.

ఇక్కడ లెక్క ఎక్కడ తప్పిందో మా మేనల్లుడు చెప్పాడు. వాడు రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల ఆటలో కూర్చుంటాడు. ఇంతకన్నా మంచి ఆటలున్నాయి కదరా అన్నాను. “ఉండొచ్చు మావయ్యా, కానీ మా స్క్వాడంతా ఇందులోనే ఉందిగా” అన్నాడు. రచ్చబండ దగ్గరికి జనం రాయి నున్నగా ఉందని వెళ్లరు కదండీ. అక్కడ కూర్చునేవాళ్ల కోసం వెళ్తారు. పైగా ఆ కుర్రాడికి రోజుకు ఉన్నది ఆ తొమ్మిదింటి గంట ఒక్కటే. కొత్త ఆట రావాలంటే ముందు ఆ గంట ఖాళీ కావాలి.

కాంకర్డ్ కట్టింది పాలరాతి రచ్చబండ. తుపాకీ పేల్చడం బాగుందని తిట్టినవాళ్లలోనూ కొందరు ఒప్పుకున్నారు. కానీ పక్కన వాలరెంట్, ఓవర్‌వాచ్ 2, ఏపెక్స్ లాంటి తుపాకుల ఆటలు ఉచితంగా దొరుకుతుంటే దీనికి నలభై డాలర్ల టికెట్టు. స్టీమ్ అనే కంప్యూటర్ ఆటల అంగడిలో ఒకే సమయంలో ఆడినవాళ్లు ఏనాడూ ఏడువందలు దాటలేదు. అక్టోబరులో దాన్ని చేసిన స్టూడియోనే మూసేశారు.

టికెట్టు ఒక్కటే తప్పా? కాదు. అదే ఏడు ఫిబ్రవరిలో అదే నలభై డాలర్లకు సోనీయే తెచ్చిన మరో లైవ్ ఆట ‘హెల్‌డైవర్స్ 2’ పన్నెండు వారాల్లో కోటీ ఇరవై లక్షల కాపీలు అమ్ముడైంది. నలుగురు స్నేహితులు కలిసి వెళ్లి, ఒకరి గుండు ఒకరికి తగిలి చచ్చి, పడీపడీ నవ్వుకునే ఆట అది. అలాంటి సందడి ఇంకెక్కడా లేదు. దాన్నీ సరిగ్గా ఉండనివ్వలేదు. మే నెలలో, స్టీమ్‌లో ఆడేవాళ్లంతా ప్లేస్టేషన్ ఖాతా తెరవాల్సిందేనన్నారు. ఆ ఖాతా తెరిచే వీలే లేని దేశాలు బోలెడు. జనం తిరగబడ్డాక, రోజుల్లోనే మాట వెనక్కి తీసుకున్నారు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది సోనీదే అయిన నాటీ డాగ్ స్టూడియో సంగతి. కథల ఆటలకు పెట్టింది పేరు. వాళ్లు ‘ద లాస్ట్ ఆఫ్ అస్’కు ఆన్‌లైన్ ఆట కొన్నేళ్లు చేసి, 2023 డిసెంబరులో మానేశారు. దీన్ని నడపాలంటే స్టూడియో మొత్తం ఏళ్ల తరబడి దీనికే అంకితం కావాలి, ఇక కథల ఆటలకు చేతులు మిగలవని వాళ్లే బహిరంగంగా చెప్పారు. ఆ సంగతి తెలియడానికి అన్నేళ్ల శ్రమ కావాలా అని నా ప్రశ్న.

ఇంతకీ ఆ ఆస్ట్రో బాట్. టోక్యోలో ఓ చిన్న జట్టు చేసింది. ఒక్కరే కూర్చుని ఆడుకునే ఆట. డిసెంబరులో ద గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి ఆటగా నిలిచింది. మా మేనల్లుడు శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి ముగించాడు. తొమ్మిదయ్యేసరికి యథాప్రకారం ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.