అంటురోగం వచ్చినప్పుడు ఆసుపత్రి - మన బాధ్యత

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అంటురోగాలు ప్రబలినప్పుడు ఆసుపత్రులు యేం చేస్తాయో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఇది డాక్టర్ల విషయం కదా, మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆసుపత్రి గోడల లోపల జరిగేదాంట్లో సగం డాక్టర్ల చేతిలో వుంటే, మిగతా సగం రోగితో వచ్చే మనవాళ్ళ చేతిలో వుంటుంది. ఈ సంగతి మనవి చేయడానికే నిలబడ్డాను.

ముందుగా ఒక చేదు నిజం చెప్పుకోవాలి. రోగాన్ని నయం చేసే చోటే రోగం అంటుకునే చోటు కూడా కాగలదు. దీనికి మన దేశంలోనే ఉదాహరణలున్నాయి.

2001వ సంవత్సరం జనవరి, ఫిబ్రవరి నెలల్లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో ఒక జ్వరం వచ్చింది. జ్వరం, తలనొప్పి, ఆ తర్వాత స్పృహ తప్పడం. మొత్తం 66 మందికి సోకింది. అది నిపా అనే వైరస్ వల్ల వచ్చిన జబ్బు అని ఆ రోజుల్లో తెలియలేదు. తరువాతి పరీక్షల్లో బయటపడింది. పరిశోధకులు లెక్క తీసి చూస్తే, జబ్బు పడినవారిలో ఎక్కువమందికి ఆసుపత్రితో సంబంధం వుంది. ఒకే ఆసుపత్రిలో వున్న రోగుల నుంచి రోగులకు, వాళ్ళను వేరే ఆసుపత్రులకు మారిస్తే అక్కడి సిబ్బందికి, చివరికి చూడడానికి వచ్చిన బంధువులకు కూడా పాకింది.

అదే జబ్బు 2018 మే నెలలో కేరళలోని కోజికోడ్ జిల్లాలో కనిపించింది. ఈ వైరస్ పండ్లు తినే గబ్బిలాల్లో వుంటుంది. మొదటి రోగి ఒక యువకుడు. ముందు పేరాంబ్ర తాలూకా ఆసుపత్రిలో చేరాడు. మే 5న కోజికోడ్ మెడికల్ కాలేజీకి తెచ్చారు. అదే రోజు చనిపోయాడు. స్కానింగు కోసం ఎదురుచూస్తూ అతను వున్న వరండాలో ఇంకా ఎందరో కూర్చుని వున్నారు. ఎవరి జబ్బుకు వాళ్ళు వచ్చినవాళ్ళు, ఎవరికో తోడు వచ్చినవాళ్ళు. వారిలో కొందరికి ఆ వరండాలోనే రోగం అంటింది. రెండు వారాల తర్వాత అదే కుటుంబంలో మరొకరు అవే లక్షణాలతో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వచ్చారు. ఒకే ఇంట్లో ఇలా వరసగా మెదడువాపు రావడం యేమిటని అక్కడి డాక్టర్లకు అనుమానం కలిగింది. నమూనాలు మణిపాల్‌కు, అక్కడి నుంచి పుణేకు వెళ్ళాయి. మే 20న నిపా అని తేలింది. పరిశోధకుల లెక్క ప్రకారం 23 మందికి సోకగా, వారిలో 21 మంది చనిపోయారు.

ఆ చనిపోయినవారిలో లినీ పుదుశ్శేరి అనే నర్సు వున్నారు. పేరాంబ్రలో మొదటి రోగికి సేవ చేసిన తల్లి ఆమె. ఇద్దరు చిన్నపిల్లలు. మరణశయ్య మీద నుంచి భర్తకు రాసిన చిన్న ఉత్తరంలో, ఇక కలుసుకుంటామన్న ఆశ లేదనీ పిల్లల్ని బాగా చూసుకోమనీ కోరారు. దేశమంతా ఆ ఉత్తరం చదివి కన్నీరు పెట్టింది. కాని ఆమె విషయంలో ఆలోచించవలసింది కన్నీటితో ఆగిపోదు. తన ముందున్న రోగం యేమిటో తెలియని రోజున ఆమె తన డ్యూటీ చేసింది. యే ఆసుపత్రిలోనైనా నర్సమ్మకు రక్షణ ఆ తెలియని రోజునే కావాలి. రోగం పేరు తెలిశాక జాగ్రత్తపడడం ఎవరైనా చేస్తారు.

సిద్ధంగా వుండడమంటే ఇదే. అంటురోగం వచ్చిన రోజున మొదలుపెట్టేది కాదు. యే రోగమూ లేని మామూలు రోజుల్లో అలవాటు చేసుకునేది. మంచి ఆసుపత్రి యేం చేస్తుందో వరసగా చెబుతాను.

మొదటిది గేటు దగ్గర పని. జ్వరం, దగ్గు, ఒంటిమీద దద్దు, స్పృహ తప్పడం - వీటితో వచ్చినవాణ్ణి అందరితోపాటు ఓ.పి. క్యూలో నిలబెట్టకూడదు. మాస్కు ఇచ్చి, వేరే బెంచీ మీద, గాలి ఆడేచోట కూర్చోబెట్టాలి. నాలుగు ప్రశ్నలు అడగాలి. యే ఊరి నుంచి వచ్చావు? ఇంట్లో ఇంకెవరికైనా వుందా? ఎవరైనా చనిపోయారా? ఈ మధ్య యే ఆసుపత్రిలోనైనా వున్నావా? ఈ ప్రశ్నలకు మందు ఖర్చు లేదు. ఒకే ఇంట్లో రెండో మనిషి అనే మాట దగ్గరే కదా కోజికోడ్‌లో గుట్టు బయటపడింది!

రెండోది వేరు గది. గది ఒక్కటే చాలదు. అక్కడికి వెళ్ళే దారి వేరుగా వుండాలి, మరుగుదొడ్డి వేరుగా వుండాలి, లోపలికి వెళ్ళిన ప్రతి మనిషి పేరూ పుస్తకంలో రాయాలి. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతవాళ్ళు కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అనే మాటే జనం నోట్లో కోరంటి అయింది. వేరుగా వుంచడం అనే పద్ధతి మనకు కొత్తది కాదన్నమాట.

మూడోది చేతులు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగాలి. ఒక రోగిని తాకి మరో రోగిని తాకేలోగా కడగాలి. రోజుకు అయిదుసార్లు వజూ చేసే మనకు ఈ సంగతి ఒకరు చెప్పాలా అనుకోవద్దు. వజూ వజూయే, సబ్బు సబ్బే. వార్డులో రెండూ కావాలి.

నాలుగోది రక్షణ దుస్తులు. వాటిని తొడుక్కోవడం తేలిక, విప్పడంలోనే ప్రమాదం వుంది. అలసిపోయిన మనిషి చెమటలు కక్కుతూ గ్లవుసు విప్పి అదే చేత్తో ముఖం తుడుచుకుంటాడు. అందుకని విప్పేటప్పుడు పక్కన ఒకరు నిలబడి చూస్తూ చెప్పాలి. ఈ శిక్షణ డాక్టర్లకు, నర్సులకు ఇస్తే సరిపోదు. వార్డుబాయికి, ఊడ్చే ఆయమ్మకు, ఆంబులెన్సు డ్రైవరుకు, శవాల గదిలో పనిచేసేవాడికి అందరికీ ఇవ్వాలి. నిజానికి తక్కువ జీతగాళ్ళే ఎక్కువగా ముట్టుకునే పనులు చేస్తారు.

అయిదోది సరుకు. మాస్కులు, గ్లవుసులు, బ్లీచింగు, ఆక్సిజన్ యెన్ని రోజులకు వున్నాయో లెక్క ముందే వుండాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు సిలిండర్ల కోసం జనం యెలా పరుగులు తీశారో మీరంతా కళ్ళారా చూసినవారే.

ఆరోది మనుషుల లెక్క. రోగిని ఎవరెవరు ముట్టుకున్నారు, ఎవరు పక్కన కూర్చున్నారు అని జాబితా తయారుచేసి, నిపా విషయంలో అయితే 21 రోజులు వాళ్ళను గమనిస్తారు. ఇది పోలీసు పని కాదు, వైద్యంలో భాగమే.

ఏడోది, చాలా ఆసుపత్రులు మరచిపోయేది - కుటుంబానికి కబురు. లోపలున్న మనిషి యెలా వున్నాడో రోజుకు ఒకసారైనా ఒక నిర్ణీత వేళకు చెప్పే మనిషి వుండాలి. కబురు లేనిచోట పుకారు పుడుతుంది. పుకారు పుట్టినచోట గొడవ పుడుతుంది.

ఇవన్నీ చేస్తే ఫలితం వుంటుందా? 2019 జూన్‌లో ఎర్నాకుళంలో ఒక విద్యార్థికి నిపా సోకిందని తేలింది. అప్పటికి కేరళ ఒకసారి దెబ్బ తిని వుంది. అనుమానం త్వరగా వచ్చింది, వేరు వార్డు సిద్ధమైంది, 300 మందికి పైగా మనుషుల్ని గుర్తించి గమనించారు. ఆ విద్యార్థి బతికాడు. అతని నుంచి ఒక్కరికీ అంటలేదు. జాగ్రత్త ఒక్కటే కారణమని నేననను, రోగికీ రోగికీ తేడా వుంటుంది. అయినా 2018కీ 2019కీ మధ్య వైద్యశాస్త్రం కొత్త మందు కనిపెట్టలేదు. నిపాకు ఆమోదం పొందిన టీకా గాని, ప్రత్యేకమైన మందు గాని ఇప్పటికీ లేదు. మారింది పద్ధతి మాత్రమే. పద్ధతి సడలితే మళ్ళీ మొదటికే వస్తుంది. 2023లో కోజికోడ్‌లోనే మొదట చనిపోయిన మనిషిది నిపా అని అనుమానం రాలేదు. ఆ తర్వాతే అతని బంధువులకు, ఒక ఆరోగ్య కార్యకర్తకు సోకిందని తేలింది. మొత్తం ఆరుగురిలో ఇద్దరు పోయారు, నలుగురు కోలుకున్నారు.

ఇక మన సంగతికి వస్తాను. మనలో ఒకరికి జబ్బు చేస్తే పదిమంది వెళ్ళి చూస్తాం. రోగిని పరామర్శించడం, అయాదత్, మన ధర్మంలో పుణ్యకార్యం. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కాని అంటురోగం నాడు మంచం చుట్టూ పదిమంది కూర్చుని, రోగి నుదుట చెయ్యి వేసి, అక్కడే టీ తాగి, ఇంటికి వెళ్ళి పిల్లల్ని ఎత్తుకుంటే అది పరామర్శ అవుతుందా? అంటురోగం వున్న ఊళ్ళోకి వెళ్ళవద్దనీ, మీరున్న ఊళ్ళో వస్తే పారిపోవద్దనీ దైవప్రవక్త (స.) బోధించారు. హజ్రత్ ఉమర్ (రజి.) సిరియా యాత్రలో ప్లేగు వార్త విని, సహచరులతో సంప్రదించి, దారి మధ్యలోనే వెనక్కు మళ్ళారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి.) అడిగితే, ఒక విధి నుంచి అల్లాహ్ నిర్ణయించిన మరో విధి వైపే వెళ్తున్నామని జవాబిచ్చారు. తవక్కుల్ అంటే జాగ్రత్త వదిలేయడం కాదని ఇంతకంటే యెలా చెప్పాలి?

కాబట్టి అంటురోగం నాడు పరామర్శ రూపం మార్చుకుందాం. రోగి దగ్గర ఆసుపత్రి అనుమతించిన ఒక్క మనిషే వుండాలి. మిగతా తొమ్మిదిమంది ఆ ఇంటికి అన్నం పంపండి. పిల్లల ఫీజు, ఇంటి అద్దె గురించి అడగండి. ఫోనులో రోగితో మాట్లాడండి. దువా చేయండి. ఇదీ అయాదతే. గేటు దగ్గర గుమాస్తా ప్రశ్నలు అడిగితే యేదీ దాచకండి. ఇంట్లో మరొకరికి జ్వరం వుందని చెబితే పరువు పోతుందని దాచేవాళ్ళున్నారు. పోయేది పరువు కాదు, పక్క బెంచీ మీద కూర్చున్నవాళ్ళ ప్రాణం.

అన్నిటికంటే కష్టమైన విషయం చివరికి చెప్పాలి - మయ్యత్తు విషయం. తండ్రికో తల్లికో మన చేతులతో గుస్ల్ ఇవ్వలేకపోవడం, ముఖం తనివితీరా చూడలేకపోవడం కడుపుకోత. కోజికోడ్‌లో 2018లో నిపాతో పోయిన ఒక ముస్లిం పెద్దాయనను ప్రత్యేకమైన సంచిలో వుంచి, 10 అడుగుల లోతున కన్నంపరంబ ఖబరస్తాన్‌లోనే ఖననం చేశారు. రోగభయమూ తీరింది, మన విధీ నెరవేరింది. 2020 మార్చిలో కరోనా గురించి కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన సూచనల్లో కూడా ఖననాన్ని కాదనలేదు. దేహాన్ని కడగడం, తాకడం వద్దన్నారు. తాకకుండా చేసే ప్రార్థనలకు అనుమతించారు. గుస్ల్ కుదరని పరిస్థితిలో యేం చేయాలో ఆలిములు చెప్పగలరు. ఆ మాట అడగవలసింది శవం వార్డులో వున్నప్పుడు కాదు, ఇవాళ.

అందుచేత సంఘానికి మూడు విన్నపాలు చేస్తున్నాను. మొదటిది, ఆలిములూ డాక్టర్లూ కలిసి కూర్చుని గుస్ల్, కఫన్, జనాజా, ఖననం గురించి ఒక పేజీ సూచనలు రాసి ప్రతి మసీదులో పెట్టాలి. రెండోది, ఆరోగ్యంగా వున్న పదిమంది యువకులకు రక్షణ దుస్తులు తొడగడం, విప్పడం ఆసుపత్రివాళ్ళ చేత నేర్పించాలి. మూడోది, రోగి కుటుంబం ఇంటికే పరిమితమైపోయిన రోజుల్లో వాళ్ళకు అన్నం, మందులు చేర్చే బాధ్యత యే వీధికి ఎవరిదో పేర్లతో రాసిపెట్టుకోవాలి.

ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. జబ్బు యేదీ లేని ఈ రోజుల్లో చేసిపెట్టుకుంటే చాలు. అవసరం రాకపోతే అల్హందులిల్లాహ్. వస్తే మాత్రం ఆ రోజున వెతుక్కోవడానికి వ్యవధి వుండదు.

 అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, వార్డుల్లో రాత్రింబవళ్ళు పనిచేసేవాళ్ళకు రక్షణను ప్రసాదించుగాక. ఆమీన్.

ఖుదా హాఫిజ్.