నకలుకు చెల్లించు వెల
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కార్యాలయములలో పనిచేయు మనకు నకలు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అసలు కాగితము తడిసినను, కాలినను నకలు ఆదుకొనును. అయితే నకలు కూడ వెల అడుగుననియు, ఆ వెల కాలమనియు మనవి చేయదలచినాను.

మనకందరకు పరిచితమైన రైల్వే రిజర్వేషనునే చూడుడు. 1986లో ఢిల్లీలో నెలకొన్న క్రిస్ సంస్థ రూపొందించిన కాన్సర్ట్ విధానము 1994లో మొదట సికింద్రాబాదులో అమలైనది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములైదును ఒక వలలో చేరినవి.

ఇట్టి లెక్కలు ఒక్కచోటనే యుండుట ప్రమాదము. అగ్ని, వరద, భూకంపము చెప్పి రావు. కావున ఢిల్లీ లెక్కకు సికింద్రాబాదులో నకలు ఉంచితిమని ఊహింపుడు. నకలు అందినదని అచటినుండి జవాబు వచ్చువరకు ఇచట టికెట్టు ఖాయము కాదనుకొందము. ఫైబరు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. పట్టాలవెంట 1,600 కిలోమీటర్లకు పైగా పోయి తిరిగివచ్చుటకు 16 మిల్లీసెకనులైనను పట్టును. దగ్గరి డిస్కుపై వ్రాతకు ఒక మిల్లీసెకను, అనగా సెకనులో వెయ్యవ వంతు, చాలును.

ఇది స్వల్పమే గదా యందురేమో! తత్కాల్ వేళ ఒకే బండి బెర్తులకు వేలమంది ఒక్కసారి ఎగబడుదురు. ఒకరి వ్రాత ముగియనిదే రెండవవారికి ఆ లెక్క అందదు. వ్రాతకు ఒక మిల్లీసెకనైనచో సెకనుకు వేయిమంది పని జరుగును. 16 అదనముగా చేరినచో 60 మందికి మించి జరుగదు. యంత్రమెంత పెద్దదైనను వెలుగు వేగమును పెంచజాలదు.

జవాబుకై ఆగక, నకలును వెనువెంట పంపుచుండవచ్చును. వేగము తగ్గదు. కాని ఆ నడుమ ప్రమాదము సంభవించినచో చివరి టికెట్లు నకలులో కనబడవు. డబ్బు చెల్లించి సంక్రాంతికి ఊరు పోదలచిన కుటుంబమునకు ఏమి సమాధానము చెప్పుదుము? అదే బెర్తు మరొకరికి పోయినచో?

కనుకనే బ్యాంకుల మెయిన్‌ఫ్రేములకు తరచు మధ్యేమార్గము నవలంబింతురు. 50 కిలోమీటర్లలోపున ఒక నకలు. దాని జవాబుకై ఆగుట అర మిల్లీసెకను మాత్రమే. ఢిల్లీకి నోయిడా వంటి దూరమన్నమాట. ఒకే భూకంపము రెంటిని తాకవచ్చును గనుక, దూరపు ఊరిలో ఆగకుండ పంపు మరియొక నకలు.

ఎంత నష్టమును సహింతుము, ఎంతసేపు వేచియుందుమన్నది యంత్రము తేల్చదు. కిటికీ కావల నిలుచున్నవారిని తలచుకొని మనమే నిర్ణయింపవలెను.