ఏది ముందు వ్రాయవలెను?

(చేనేత సహకార సంఘముల వారును వర్తకులును కూడిన సభలో చేసిన ఉపన్యాసము)



"మా వస్త్రములను గూర్చి వెబ్‌సైటులో ఎన్నియో వ్యాసములు వ్రాయించితిమి, వచ్చి చదువువారు నానాటికి తగ్గుచున్నారు, కారణ మేమి?" అని మీరు నన్నడిగితిరి. ప్రశ్న చిన్నదే. కాని దాని వెనుక అనేక కుటుంబముల జీవనోపాధి యున్నది. కావున ఉపోద్ఘాతము మాని విషయమునకే వచ్చెదను.

1998లో గూగుల్ సంస్థ వెలసినది మొదలు లోకమున ఒక వాడుక స్థిరపడెను. అడుగువాడు ప్రశ్న వేయును. శోధనయంత్రము పది చిరునామాలు చూపును. అతడు వానిలో నొకదాని గడప త్రొక్కును. వచ్చినవానికి సరకు చూపుట మన పని. యంత్రము దారి చూపునదే గాని దుకాణము పెట్టినది కాదు. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ వెలువడిన పిదప ఈ యేర్పాటు తలక్రిందులైనది. గూగుల్ వారును 2024 మే నెలలో అమెరికాలోను, ఆగస్టులో మన దేశములోను, కృత్రిమ మేధచే కూర్చిన సమాధానమును శోధన ఫలితముల శిరస్సున నిలుపసాగిరి. దారి చూపువాడే నేడు వీథి మొగదల కూర్చుండి, జవాబు చెప్పి, వచ్చినవానిని అక్కడినుండియే పంపివేయుచున్నాడు.

ఇది నా యూహ కాదు. ప్యూ పరిశోధనా కేంద్రము వారు 2025 మార్చిలో అమెరికాలోని సుమారు 900 మంది చేసిన శోధనలను పరిశీలించిరి. యంత్రము కూర్చిన సంగ్రహము లేనిచోట జనులు నూటికి 15 పర్యాయములు ఏదో యొక లింకును నొక్కిరి. సంగ్రహ మున్నచోట 8 పర్యాయములే నొక్కిరి. ఇక ఆ సంగ్రహములో ఆధారములుగా చూపిన లింకులను నొక్కినది నూటికి ఒక్క పర్యాయము! మీ పాఠకులు తగ్గుట కేవలము మీ గుమాస్తా వ్రాతలోని లోపమువలన కాదని దీనివలన తేలుచున్నది. పాపము, అతనిని నిందింపకుడు.

"మన మాటను దోచుకొనిపోవు యంత్రమునకు తలుపు మూసివేసిన నేమి?" అని మీలో కొందరందురు. మూయవచ్చును. రోబోట్స్ టెక్స్ట్ అను చిన్న చీటీని వెబ్‌సైటు వాకిట అంటించు పద్ధతి 1994 నుండి కలదు. అది విన్నపమే గాని తాళము కాదు. అది వేరు మాట. పత్రికలవారికి మాటయే సరకు. అందుచేతనే న్యూయార్క్ టైమ్స్ 2023 డిసెంబరులోను, మన ఏ.ఎన్.ఐ. వార్తాసంస్థ 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టునందును ఓపెన్ఏఐ సంస్థపై వ్యాజ్యములు వేసిరి. వారి వ్యాజ్యము న్యాయమైనదని నా నమ్మకము. కాని నేతగానికి సరకు వస్త్రము. మాట కేవలము ఆ సరకునకు పిలుపు. పిలుపును దాచుకొనినవానికి లాభము లేదు. మీరు తలుపు తెరచియే యుంచుడు. లోపల ఏమి పెట్టవలెనో ఆలోచింపుడు.

ఇక అసలు ప్రశ్న. మీ గుమాస్తా ఏడాదికి ఇరువది వ్యాసములు వ్రాయగలడనుకొందము. ఏవి ముందు వ్రాయవలెను? నేను చూచిన వెబ్‌సైటులలో అధికముగా నుండునవి: పట్టుయొక్క గొప్పతనము, పెండ్లికి తగిన రంగులు, చీర భద్రపరచు విధము. ఇవి వేయిమంది వ్రాసినవే. యంత్రమునకు కంఠస్థమైనవే. అడిగినవానికి మీ గడపకు రానక్కరలేకయే జవాబు దొరకును. ఇట్టివానిపై ఇక ఒక్క పైసయు వ్యయము చేయకుడు.

పోచంపల్లి చీరనే తీసికొనుడు. దానిని పోలిన అచ్చువేసిన బట్టలు అదే పేరుతో అంగళ్లలో వ్రేలాడుచున్నవి. కొనువాడు డబ్బు తీయుటకు ముందు వేయు ప్రశ్న యేది? "ఇది నిజమైనదా? అచ్చుబట్టకంటె ఇంత వెల యెందుకు?" అని. దీనికి జవాబు మీ చేతిలో నున్నది. నూలును ముందే కట్టి రంగులో ముంచి పిదప నేయుదురు గనుక రంగు వస్త్రమునకు ఇరుప్రక్కల ఒక్కటిగా నుండును. బొమ్మ యంచులు కొంచెము చెదరినట్లు కనబడును. అచ్చుబట్ట వెనుకవైపు సాధారణముగా వెలవెలబోవును. ఈ భేదమును ఛాయాచిత్రములతో, మీ మగ్గముపైని బట్టనే చూపుచు, అందరికంటె ముందుగా వ్రాయుడు.

వెల సంగతియు నట్లే. "ఎంతో శ్రమతో నేసినది" అనిన నెవ్వడు నమ్మును? ఆసు పోయుటలో ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సారులు ఆడవలసియుండెనని చెప్పుడు. తల్లి పడు ఆ బాధను చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రమును నిర్మించి, 2017లో పద్మశ్రీ పొందిరని చెప్పుడు. మీ సంఘములో ఒక చీరకు ఎన్ని దినములు పట్టినది, నూలు వెల యెంత, నేసినవారికి కూలి యెంత ముట్టినది, లెక్క విప్పి వ్రాయుడు. ఈ లెక్క ఏ యంత్రమును కల్పింపజాలదు, కల్పించిన అబద్ధమగును. ప్రిన్స్‌టన్ మొదలగు చోట్ల పరిశోధకులు 2023లో ప్రకటించిన పత్రముకూడ, అంకెలు, ఆధారములు, ఇతరుల మాటల ఉదాహరణలు గల రచనలనే ఇట్టి యంత్రములు హెచ్చుగా పేర్కొనుననియు, ఒకే మాటను పదేపదే చొప్పించు పాతయుక్తి ఫలింపదనియు తెలుపుచున్నది.

వ్యాసములను యంత్రముచేతనే గుట్టలుగా వ్రాయించెదమని కొందరు ఉబలాటపడుచున్నారు. 2024 మార్చిలో గూగుల్ వారు, ఫలితములలో స్థానము సంపాదించుటకే గుట్టలుగా తయారుచేయు పుటలను, మనిషి వ్రాసినను యంత్రము వ్రాసినను, నిషేధించుచు నియమము చేసిరి. నియమము లేకున్నను నే నొప్పుకొనను. మరమగ్గము మాకు శత్రువని మొరపెట్టుకొనువారు తమ మాటను మరచే నేయించుట ఏమి శోభ?

పాత వ్యాసములను పారవేయుటకు తొందర వద్దు. వెల మారినవి, చిరునామా మారినవి ముందు సవరింపుడు. తప్పు వెల చూచి యంత్రము తప్పు వెలనే చాటును. తగవు మీ దుకాణమునకు వచ్చును.

మరియొక మాట. వ్రాత ఏ భాషలో? కొనువాడు హైదరాబాదులో నున్నను అమెరికాలో నున్నను ఇంగ్లీషుననే అడుగునని మీ వాదము. అమ్మకపు పుటలు ఇంగ్లీషున నుండనిండు. కాని 2011 జనాభా లెక్కల ప్రకారము తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. ఆసు, పడుగు, పేక అను మాటల యర్థమును మీరు తెలుగున వ్రాసియుంచనిచో, రేపు మీ మనుమడు యంత్రము నడిగినప్పుడు, మగ్గము నెన్నడు చూడని వాడు వ్రాసిన ఇంగ్లీషు వ్రాతకు తర్జుమాయే జవాబుగా వచ్చును.

ఎందరు వచ్చి చదివిరను లెక్క ఇక కొలబద్ద కాదు. కొన్నవానిని "మా పేరు మీకెట్లు తెలిసినది?" అని అడిగి చిట్టాలో వ్రాసికొనుడు. అతని యనుమతితో ఫోను నంబరును వ్రాసికొనుడు. ఆ చిట్టా మీ సొంతము, నడుమ ఏ యంత్రమును లేదు. ఈ నెలకు మూడు వ్యాసములు చాలును: అసలు నకిలీల భేదము, ఒక చీర వెలయొక్క లెక్క, ఆసు పోయు విధము. ప్రతిదానిక్రింద చెప్పిన నేతగాని పేరు అతని సమ్మతితోను, వ్రాసిన తేదీయు వేయుడు. మీ గుమాస్తా బల్లను ఆఫీసునుండి తీసి మగ్గముల చెంతకు మార్పుడు.