పట్టా మన పేరు మీద, కేసు కూడా మన పేరు మీదే
(సేవాలాల్ జయంతి సభలో తండా యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



జయంతి అంటే భోగ్ భండారో, ఆటపాట, పిల్లలకు బహుమతులు. ఇక్కడ గంజాయి ముచ్చట ఎందుకని ఒకరిద్దరు పెద్దలు అడిగారు. ఎందుకంటే తండాలకు పోయినప్పుడల్లా మన పిల్లలే మమ్మల్ని అడుగుతున్నారు. "అన్నా, హెంప్ సాగుకు లైసెన్సు ఇస్తరట కదా, ఓ ఎకరంల పెట్టొచ్చా?" అని. కొందరు ఫోన్లో వీడియో చూసి అడుగుతున్నారు. కొందరికి ఎవరో వచ్చి, "కాగితాలు మేం చూసుకుంటం, పంట మేమే కొంటం, నువ్వు భూమి చూపిస్తే చాలు" అని చెప్పిపోయారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ కాసేపు అడిగి తీసుకున్నాం.

జవాబు ముందే చెప్పేస్తాం. మన రాష్ట్రంలో రైతు తన పొలంలో గంజాయి మొక్క పెంచుకోవడానికి ఇచ్చే లైసెన్సు లేదు. గ్రామ పంచాయతీ ఇవ్వలేదు, తహసీల్దార్ ఇవ్వలేడు, వ్యవసాయ అధికారీ ఇవ్వలేడు. నిజామాబాద్‌లో గానీ బోధన్‌లో గానీ ఎవరైనా "లైసెన్సు ఇప్పిస్తా, ఇంత ఖర్చవుతుంది" అంటే ఆ ఖర్చు వాళ్ల జేబులోకే పోతుంది.

మరి ఈ మాట ఎక్కడి నుంచి పుట్టింది? పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం 8వ సెక్షన్‌లో గంజాయి మొక్క సాగును నిషేధించింది. వైద్యానికి, శాస్త్ర పరిశోధనకు మాత్రం ప్రభుత్వ అనుమతితో వీలుంచింది. 10వ సెక్షన్ కింద సాగును అనుమతించే, నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఉంది. నార కోసం, గింజ కోసం పారిశ్రామికంగా పెంచుకోవడానికి ప్రభుత్వం ఆదేశం ఇవ్వవచ్చని 14వ సెక్షన్ చెబుతుంది. అంటే చట్టంలో ఒక తలుపు ఉంది. దాని తాళం చెవి రైతు దగ్గర లేదు, ప్రభుత్వం దగ్గర ఉంది. ఉత్తరాఖండ్ 2018లో ఆ తలుపు తెరిచింది. అక్కడి కొండ జనం తరతరాలుగా ఆ మొక్క నారతో తాళ్లు పేనేవాళ్లు, గింజలతో పచ్చడి చేసుకునేవాళ్లు. అందుకని మత్తునిచ్చే పదార్థం 0.3 శాతానికి మించని రకానికి లైసెన్సు పెట్టారు. మీరు ఫోన్లో చూసే వీడియోలు చాలావరకు అటువైపువే. ఆ ఆదేశం ఆ రాష్ట్రానికే చెల్లుతుంది. డెహ్రాడూన్ కాగితం ఇందల్వాయి పొలంలో పనిచేయదు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. హెంప్ గింజలు, నూనె, పిండి ఆహారంగా అమ్ముకోవచ్చని ఆహార భద్రతా సంస్థ 2021లో ఒప్పుకుంది. దాంతో నగరాల దుకాణాల్లో ఆ పొడి డబ్బాలు కనిపిస్తున్నాయి. "అమ్మేది తప్పు కాకపోతే పెంచేది తప్పెట్లయితది?" అని ఒక తమ్ముడు మాతో గట్టిగానే వాదించాడు. వాదన బాగుంది. కానీ చట్టం గింజను ఒకలా, మొక్కను ఒకలా చూస్తుంది. పూత కొమ్మ లేకుండా విడిగా ఉన్న గింజ, ఆకు చట్టం చెప్పే గంజాయి కిందికి రావు. నేలలో నిలబడ్డ మొక్క మాత్రం ఏ రకమైనా గంజాయి మొక్కే.

ఇంగ్లీషు పేర్లతో ఇంకో తికమక వస్తుంది. మన జనుమును ఇంగ్లీషులో సన్ హెంప్ అంటారు. పచ్చిరొట్ట ఎరువుకు ప్రభుత్వమే రాయితీ మీద విత్తనం ఇస్తుంది. దానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. గోగు చెట్టు ఆకు, అదే మన పుంటికూర బంధువు, దూరం నుంచి చూస్తే గంజాయి ఆకులాగే ఉంటుంది. దాని శాస్త్రీయ నామంలోనే ఆ పోలిక ఉంది. లదేణి కాలంలో మన తాతలు ఎడ్ల మీద గోణెలు వేసి ఉప్పు, ధాన్యం దేశమంతా మోసిన జాతి. నార పంటలు మనకు కొత్త కాదు. నార మీద మోజు ఉన్నవాళ్లు జనుము వేసుకోండి, గోగు వేసుకోండి. ఎవ్వరూ అడగరు.

ఇప్పుడు అసలు విషయం. "నాలుగు మొక్కలే కదా, చేను మధ్యల ఎవరు చూస్తరు" అనేవాళ్లు బాగా వినాలి. గంజాయి దగ్గర ఉంచుకుంటే కిలో వరకు చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వ్యాపార మొత్తం అని లెక్క ఉంది. శిక్ష దాన్నిబట్టి మారుతుంది. సాగుకు ఆ లెక్క లేదు. నాలుగు మొక్కలైనా నాలుగు సాళ్లయినా 20వ సెక్షన్ కింద పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇది ఒక ఎత్తు.

54వ సెక్షన్ ఇంకో ఎత్తు. నువ్వు సాగు చేసిన భూమిలో గంజాయి మొక్క పెరుగుతుంటే, నేరం నువ్వే చేశావని కోర్టు అనుకోవచ్చు. కాదని రుజువు చేసుకునే బరువు నీ మీద పడుతుంది. మామూలు కేసుల్లో నేరం రుజువు చేయాల్సింది పోలీసులు. ఇక్కడ సంగతి తిరగబడుతుంది. విత్తనం ఇచ్చినవాడు, డబ్బు పెట్టినవాడు, రాత్రి బండి తెచ్చి కోత ఎత్తుకుపోయేవాడు ఏ కాగితంలోనూ ఉండరు. కాగితంలో ఉండేది సర్వే నంబరు, పట్టాదారు పేరు.

ఆ పట్టా ఎట్లా వచ్చిందో మీలో చాలామందికి తెలుసు. అసైన్డ్ భూమి కోసం మీ తాతలు ఆఫీసుల చుట్టూ ఎన్నేళ్లు తిరిగారో అడగండి. పోడు భూములకు అటవీ హక్కుల చట్టం 2006లో వస్తే, రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాల పంపిణీ 2023 జూన్ 30న గానీ మొదలుకాలేదు. ఆ చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉంటుంది. కొడుకు ఎవరి మాటో విని నాటిన మొక్కకు అమ్మ పేరున్న పట్టా బయటికి వస్తుంది. గంజాయి పండిస్తే రైతుబంధు, రైతుబీమా ఆపుతామని, అటవీ హక్కుల పట్టా రద్దు చేస్తామని అప్పటి ప్రభుత్వం 2021 అక్టోబరులో ప్రకటించింది కూడా. పథకాల పేర్లు మారుతుంటాయి. పోయిన పట్టా మాత్రం అంత తొందరగా తిరిగి రాదు.

కౌలుకిచ్చాం, మాకేం తెలియదు అంటే? భూమి యజమానికి 46వ సెక్షన్ ఒక పని అప్పజెప్పింది. తన భూమిలో అక్రమ సాగు ఉంటే వెంటనే చెప్పాలి. తెలిసీ చెప్పకపోతే అతనికీ శిక్ష ఉంది. కాబట్టి కౌలుకిచ్చిన చేను చుట్టూ నెలకోసారైనా తిరిగి రండి. కంది సాళ్ల మధ్య, చెరుకు లోపల ఏముందో గట్టు మీద నిలబడితే కనబడదు.

దళారులు మన వైపే ఎందుకు వస్తారో కూడా మాట్లాడుకోవాలి, లేకపోతే ఇదంతా పోలీసు ఉపన్యాసం అయిపోతుంది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. చెరుకు నరకడానికి, బండి తోలడానికి తండాల నుంచి జనం పోయేవాళ్లు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో పొయ్యి ఆరింది. పసుపు వేస్తే ఎనిమిది, తొమ్మిది నెలలు ఎదురుచూడాలి, ఉడకబెట్టాలి, మార్కెట్ యార్డులో ధరకు దండం పెట్టాలి. నీళ్లు లేని మెట్ట చేను ఉన్నవాడి దగ్గరికి, గల్ఫ్ ఏజెంటుకు అప్పు కట్టి తిరిగొచ్చినవాడి దగ్గరికి వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. అవసరం చూసి వస్తారు. ఆ అవసరం అబద్ధం కాదు. దానికి వాళ్లు చూపించే దారి మాత్రం అబద్ధం.

విశాఖ మన్యంలో ఏం జరిగిందో చూడండి. 2021 అక్టోబరు చివర మొదలైన ఆపరేషన్ పరివర్తనలో ఏడు వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు కుప్పపోసి కాల్చారు. పెట్టుబడి బయటివాళ్లది, లాభం బయటివాళ్లది. చేను, కూలి, మోత గిరిజనులవి. జైలు గేటు బయట ములాఖత్ కోసం కూర్చునేది ఎవరి అమ్మలో చెప్పక్కర్లేదు.

మనకు ఇంకో భయం కూడా ఉంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కింద కొన్ని ప్రాంతాల్లో బంజారాలనూ జాబితాలో రాశారు. ఆ ముద్ర చట్టంలోంచి పోయింది 1952 ఆగస్టు 31న. జనం మనసుల్లోంచి ఎంత పోయిందో బస్సులో, హాస్టల్లో మీరే చూస్తున్నారు. ఒక చేనులో మొక్క దొరికితే మర్నాడు వార్తలో రైతు పేరు చిన్నగా, తండా పేరు పెద్దగా వస్తుంది. కానిస్టేబుల్ పరీక్ష రాసిన పిల్లవాడి వెరిఫికేషన్‌కు వచ్చినాయన ఆ తండా పేరు విని ఇంకో నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాడు.

ఇక్కడ పెద్దలతో ఒక మాట. తండాలో ఏ తగువు వచ్చినా నసాబ్‌లో కూర్చుని తేల్చుకోవడం మన పద్ధతి. మంచి పద్ధతే. కానీ ఈ తప్పును నసాబ్‌లో జరిమానా వేసి మూసేయడానికి లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు పంచాయతీలయ్యాయి. మా తండాలో మా రాజ్యం అని అందరం పండగ చేసుకున్నాం. ఆ రాజ్యంతో పాటు ఎన్‌డీపీఎస్ 47వ సెక్షన్ కూడా వచ్చింది. అక్రమ సాగు సంగతి తెలిసిన సర్పంచ్ వెంటనే అధికారులకు చెప్పాలి. ఊరుకుంటే సర్పంచ్‌కూ శిక్షే. మన తండా సర్పంచ్ ఎవరో ఒకరికి కాకా, ఎవరో ఒకరికి మామా అవుతాడు. ఆయన్ని ఇరకాటంలో పెట్టేది అధికారులు కాదు, మొక్క పెట్టిన మనవాడే. అందుకే పూత రాకముందే, మొక్క మోకాలెత్తు ఉన్నప్పుడే ఇంట్లోవాళ్లు మాట్లాడాలని మేం కోరుతున్నాం. చెప్పినవాళ్ల పేరు బయటపడుతుందని భయం వద్దు. సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని అధికారిని బలవంతపెట్టడానికి వీల్లేదని 68వ సెక్షన్ ఉంది. రాష్ట్రంలో ఈగల్ విభాగం టోల్‌ఫ్రీ నంబరు 1908.

తమ్ముళ్లలో తాగే అలవాటు పడ్డవాళ్లు ఉంటే ఉన్నారనే అనుకుందాం, దాచిపెట్టి లాభం లేదు. తనంతట తాను వచ్చి ప్రభుత్వం గుర్తించిన చోట పూర్తిగా చికిత్స తీసుకుంటే, వాడకం లాంటి చిన్న నేరాల విషయంలో కేసు నుంచి రక్షణ పొందే వీలు 64ఏ సెక్షన్‌లో ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 14446.

తప్పు చేయకుండానే ఇరుక్కుంటే? అదీ జరుగుతుంది. ఒంటి మీద సోదా చేయబోతే గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేట్ ముందు చేయమని అడిగే హక్కు 50వ సెక్షన్ ఇచ్చింది. చదవని కాగితం మీద సంతకం పెట్టకండి, వేలిముద్ర అసలే వద్దు. ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సహాయం ఉచితం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు.

రేపో మాపో మన రాష్ట్రం కూడా నార సాగుకు అనుమతి ఇస్తుందేమో. ఇస్తే అది జీవోగా వస్తుంది, ఫలానా రకం, ఫలానా షరతు అని రాసి ఉంటుంది. అప్పుడు మేమే తండా తండాకూ తెచ్చి చదివి వినిపిస్తాం. అంతవరకు ఎవరైనా మీ ఇంటికి లైసెన్సు అని ఏ కాగితం పట్టుకొచ్చినా, డబ్బు ఇవ్వకండి, ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు ఇవ్వకండి. ఆ కాగితాన్ని ఫొటో తీసి మా సంఘానికి పంపండి. మీతో కలిసి ఎక్సైజ్ ఆఫీసుకు మేమూ వస్తాం. అది నిజమో కాదో అక్కడే అడిగి, వాళ్ల జవాబు రాతపూర్వకంగా తీసుకుందాం.