ఊలు కొనుటకు ముందు నమూనా అల్లిక

(ప్రసంగ పాఠము)



చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతముల కొండ గ్రామములలోను, ఆదిలాబాదు వైపు పల్లెలలోను పుష్యమాసపు చలి ఎట్టిదో మైదానములవారికి చెప్పినను తెలియదు. బడికి పోవు పిల్లలు తెల్లవారుజామున పొయ్యి చుట్టును, నెగడి చుట్టును ముడుచుకొని కూర్చుందురు. అట్టి గ్రామమున మహిళా సంఘమువారు వచ్చి, పిల్లలకు ముందువైపు బొత్తాములుగల స్వెట్టర్లు, అనగా కార్డిగనులు, అల్లి యిచ్చెదమనియు, ఊలుకు సొమ్ము కావలెననియు అడిగినచో సంతోషింపవలసినదే. కాని సొమ్ముకు సమ్మతించుటకు ముందు మీరు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. "ఏ ఊలు? నమూనా అల్లి చూచితిరా?" దీనిని గూర్చియే నేడు ముచ్చటింతము.

కార్డిగను అను పేరు 1854లో క్రిమియా యుద్ధమున ఆంగ్లేయ అశ్వికదళమును నడిపిన కార్డిగన్ ప్రభువునుబట్టి వచ్చినది. పేరు ప్రభువుదే యైనను ఈ ఉడుపు బడిపిల్లలకు మిక్కిలి అనువైనది. తలమీదుగా తొడుగనక్కరలేదు, ఎండ యెక్కగానే బొత్తాములు విప్పుకొనవచ్చును.

మన అంగళ్ళలో అల్లికకు పనికివచ్చు దారమునంతటిని ఊలు అనియే పిలుచుచున్నారు. అందు పెక్కు భాగము గొఱ్ఱెను ఎరుగనిది. అక్రిలిక్ అను కృత్రిమపు పోగు. అంగడివాని మాటపై ఆధారపడనక్కరలేదు. ప్రతి రకమునుండి జానెడు ముక్క తెంపి, పట్టకారుతో పట్టుకొని, క్రింద నీళ్ళ పళ్ళెము పెట్టి, పెద్దలే కాల్చి చూడవలెను. నిజమైన ఉన్ని వెండ్రుకలు కాలిన వాసన వేసి, నలిపిన పొడియగు బూడిదగా మారును. నూలు కాగితము కాలిన వాసన వేయును. అక్రిలిక్ కరగి, చల్లారిన పిమ్మట గట్టి నల్లని పూసయై నిలుచును.

ఇది వట్టి వినోదము కాదు. ఉన్ని సులభముగా అంటుకొనదు, నిప్పు తీసినంతనే చాలవరకు తానే ఆరిపోవును. అక్రిలిక్ అంటుకొని కరగి చర్మమును పట్టుకొనును. నెగడి ప్రక్క కూర్చుండు పిల్లవానికి ఏది తొడుగవలెనో మీరే ఆలోచింపుడు. అక్రిలిక్ చవుక, తేలిక, త్వరగా ఆరును. ఈ గుణములను మేము కాదనుట లేదు. పొయ్యికి దూరముగా మసలు పెద్దలకు అది చాలును. పసివారికి మాత్రము, నాలుగు స్వెట్టర్లు తక్కువైనను, ఉన్నియే మేలని మా అభిప్రాయము.

ఇక అల్లిక సంగతి. ఒక్కొక్క రకము ఒక్క ఉండ చొప్పున తెప్పించి, జానెడు చదరపు ముక్క అల్లవలెను. దానిని తల్లులు ఇంటిలో ఉతుకు రీతినే ఉతికి, నీడలో పరచి ఆరబెట్టవలెను. వ్రేలాడదీసినచో సాగును. ఉన్నిని వేడినీట రుద్దినచో ముద్దకట్టి కుదించుకొనిపోవును. ఆ ముక్క కుదించుకొనిపోవుట మేలు, ముప్పది స్వెట్టర్లు కుదించుకొనిపోవుట కంటె. రంగు దిగునేమో తెలియుటకు తెల్లగుడ్డ పేలికను కూడ అదే నీట నానవేయవలెను.

ఆరిన ముక్క నడుమ 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నవో లెక్కింపవలెను. 20 కుట్లున్నచో 70 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 140 కుట్లు వేయవలెను. వేరొక ఊలుతో అదే కొలతకు 22 కుట్లు వచ్చినవనుకొనుడు. అప్పుడు అదే 140 కుట్లతో అల్లినది 64 సెంటీమీటర్లకు లోపుననే నిలిచిపోవును. బొత్తాము పడదు. 10 సెంటీమీటర్లలో రెండు కుట్ల తేడా ఎంత పని చేయునో చూడుడు!

ఊలు ఒక్కటే యైనను చేతులు వేరు. ఒకరు బిగించి అల్లుదురు, మరొకరు వదులుగా అల్లుదురు. కావున ప్రతి సభ్యురాలును తన నమూనాను తానే అల్లవలెను. బిగువుగా అల్లువారు లావు సూదిని, వదులుగా అల్లువారు సన్నసూదిని తీసుకొన్నచో కొలతలు కలియును. మన అంగళ్ళ పాత లెక్కలో 8వ నంబరు సూది 10వ నంబరు సూది కంటె లావుగా నుండును. ఈ తలక్రిందుల లెక్క క్రొత్తవారిని తికమక పెట్టును.

నమూనా ముక్క కుదిరిన పిదప గూడ వీపు భాగముతో ఆరంభింపక, ఒక చేతితో ఆరంభించుట తెలివైన పని. చేయి చిన్నది, నచ్చనిచో అదొక్కటి విప్పిన చాలును.

ఎంత ఊలు కొనవలెనో గూడ ఆ ముక్కయే చెప్పును. 15 సెంటీమీటర్ల చదరపు ముక్క 9 గ్రాములు తూగినదనుకొందము. దాని వైశాల్యము 225 చదరపు సెంటీమీటర్లు. పిల్లవాని కార్డిగను భాగములన్నియు కలిపి 4,500 చదరపు సెంటీమీటర్లైనచో 180 గ్రాములు పట్టును. బొత్తాముల పట్టీలకు, అంచులకు, తరుగునకు కొంత కలుపుకొనవలెను. లెక్క ముగిసిన పిదప మొత్తమును ఒకే లాటు నంబరులో కొనవలెను. లాటు మారినచో ఒకే రంగు వేర్వేరుగా కనబడును.

మన దక్కను గొఱ్ఱె ఉన్ని యుండగా బయటి ఊలు ఏలయని అడుగువారుందురు. అడుగదగిన మాటయే. ఆ ముతక ఉన్నితో మన కురుమలు నేయు గొంగడి చలికిని వానకును ఎదురు నిలుచును. కాని లేత చర్మమునకు అది గ్రుచ్చుకొనును. సందేహమున్నచో ఆ ఉన్ని నమూనా ముక్కను కూడ అల్లించి, ఒక పూట మెడ ప్రక్కన చొక్కా లోపల ఉంచుకొని చూడుడు. అది పిల్లవాని మంచముపై పరచుటకు గొంగడిగానే యుండనిండు.

నమూనా ముక్కలను పారవేయక, ఒక్కొక్కదానికి ఊలు రకము, లాటు నంబరు, సూది నంబరు, ధర, అల్లినవారి పేరు వ్రాసిన చీటి కట్టి పంచాయతీ కార్యాలయమున భద్రపరుపుడు. సంక్రాంతి నాటికి స్వెట్టర్లు రెండు మూడు ఉతుకులు పడియుండును. అప్పుడు వాటి స్థితిని గూడ ఆ చీటిపైననే వ్రాయించుడు.