యూనివర్సిటీకి మనం ఇచ్చేది, సర్కారును మనం అడగాల్సింది

(తెలంగాణ ఆవిర్భావ దినోత్సవం సందర్భంగా మస్కట్‌లో చేసిన ప్రసంగ పాఠం)

 

నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నాం. ఈ మూడింటిలో నిధులు, నియామకాలు రెండూ ఒక్కచోట కలిసే జాగ ఒకటుంది. అదే సర్కారు యూనివర్సిటీ. 1969లోనూ, 2009 తర్వాతా ఉద్యమానికి గుండెకాయలా నిలిచిన ఉస్మానియాకు ఏమైనా చేయాలని మనలో చాలామందికి ఉంది. మంచి ఆలోచన. కానీ యూనివర్సిటీ ఎవరి పైసలతో ఎట్లా నడుస్తుందో తెలుసుకోకుండా ఇస్తే, మన కష్టార్జితం శిలాఫలకం దగ్గరే ఆగిపోతుంది.

ఉస్మానియా చరిత్రతోనే మొదలుపెడదాం. 1917 ఏప్రిల్ 26న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చారు. 1918లో యూనివర్సిటీ ఏర్పడింది, 1919లో క్లాసులు మొదలయ్యాయి. మనం ఫోటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది 1939 డిసెంబర్ 4న. అంటే సుమారు ఇరవై ఏళ్లు ఆ భవనం లేకుండానే చదువు నడిచింది. భవనం కంటే ముందు పంతుళ్లు వచ్చారు, పాఠ్యపుస్తకాలను ఉర్దూలోకి తెచ్చే అనువాద విభాగం వచ్చింది. ఉర్దూ మాధ్యమం వల్ల తెలుగు ఇళ్ల పిల్లలు పడ్డ ఇబ్బంది వేరే ముచ్చట. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ముందు పంతులు, తర్వాత గోడ.

ఇంకోమాట. ఉస్మానియాను నిజాం దానంగా ఇచ్చాడని కొందరు చెప్తుంటారు. అది నడిచింది సంస్థానం ఖజానా మీద. ఆ ఖజానా నిండింది మన తాతలు కట్టిన శిస్తుతో. కాబట్టి యూనివర్సిటీకి గ్రాంటు అడగడం బిచ్చం కాదు, మన పైసలు మన పిల్లలకు అడగడం.

మనం బతుకుతున్న ఈ దేశాన్నే చూడండి. 1970లో ఒమన్ మొత్తంలో ఉన్నవి మూడే స్కూళ్లు. 1980లో సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ పెడతామని ప్రకటించారు. 1986లో అల్ ఖూద్‌లో క్లాసులు మొదలయ్యాయి. మెడిసిన్, ఇంజినీరింగ్, వ్యవసాయం, సైన్స్, ఉపాధ్యాయ విద్య, ఈ ఐదు కాలేజీలతో ప్రారంభం. చమురు మీద వచ్చిన ఆదాయంలోంచి ప్రభుత్వమే ఖర్చు పెట్టింది, ఒమానీ పిల్లలకు ఫీజు లేకుండా చదువు చెప్పింది. దాతలు వస్తారేమో అని ఎదురుచూడలేదు.

ఇప్పుడు మన దగ్గరి లెక్క. సర్కారు యూనివర్సిటీకి పైసలు ప్రధానంగా ఐదు దారుల్లో వస్తాయి. ఒకటి, రాష్ట్రం ఇచ్చే బ్లాక్ గ్రాంట్. జీతాలు, పెన్షన్లు దీంట్లోంచే పోవాలి. రెండు, యూజీసీ గ్రాంట్లు, ఇదివరకటి రూసా లాంటి కేంద్ర పథకాలు. భవనాలకు, ల్యాబులకు ఇస్తారు, వాడినట్టు లెక్క చూపాలి. మూడు, పరిశోధన ప్రాజెక్టులు. ఒక ప్రొఫెసర్‌కు, ఒక పనికి, కొన్నేళ్ల గడువుతో వస్తాయి. నాలుగు, సొంత ఆదాయం. ఫీజులు, అనుబంధ కాలేజీల పరీక్ష రుసుములు. ఐదోది దాతల విరాళం.

ఈ ఐదింటిలో ఒకటి కుంటుపడితే మిగతావి నడవలేవు. రూసా కింద ఉస్మానియాకు 100 కోట్లు మంజూరయ్యాయి. అందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. రాష్ట్రం తన వాటా పెట్టకపోతే కేంద్రం వాటా కూడా ఆలస్యమవుతుంది. 2017లో శతాబ్ది ఉత్సవాలకు రాష్ట్ర బడ్జెట్‌లో 200 కోట్లు ప్రకటించారు. బడ్జెట్‌లో రాయడం వేరు, రిలీజ్ ఆర్డర్ రావడం వేరు, ట్రెజరీ నుంచి ఖాతాలో పడటం వేరు. మనం చప్పట్లు కొట్టేది మొదటిదానికి, అడగాల్సింది చివరిదాని గురించి.

అసలు గాయం నియామకాల దగ్గర ఉంది. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీగా ఉండిపోయాయి. కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులే క్లాసులు మోస్తున్నారు. దాత హాస్టల్ కట్టగలడు, గోల్డ్ మెడల్ పెట్టగలడు, లైబ్రరీకి కంప్యూటర్లు ఇవ్వగలడు. ముప్పై ఏళ్ల సర్వీసుతో ఒక ప్రొఫెసర్‌ను నియమించలేడు. ఆ పని బ్లాక్ గ్రాంట్ ఒక్కటే చేయగలదు. పంతులు లేని ల్యాబుకు మనం మైక్రోస్కోపు పంపిస్తే అది బీరువాలో ఉంటుంది.

అట్లని విరాళం చిన్నది కాదు. ఆంధ్రా యూనివర్సిటీకి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. అక్కడి సైన్స్ కాలేజీకి ఆయన పేరు పెట్టుకున్నారు. మన కొట్లాట అసమానత మీద, వాళ్ల చదువుల మీద కాదు. ఆ పద్ధతి నేర్చుకోదగ్గది. ఒక్కసారి ఇచ్చి ఫోటో దిగడం కాకుండా, ప్రతి ఏడూ, ఒక పనికి, మాట తప్పకుండా ఇవ్వడం.

మరి మస్కట్‌లో ఉన్న మనం ఏం చేయాలి?

మొదటిది, ఇక్కడ డబ్బా పట్టుకొని చందాలు వసూలు చేయొద్దు. లైసెన్సు లేకుండా విరాళాలు పోగుచేయడం ఒమన్ చట్టం ప్రకారం నేరం. ఎవరి పైసలు వాళ్లు తమ బ్యాంకు ఖాతా నుంచి నేరుగా యూనివర్సిటీ ఖాతాకే పంపి రసీదు తీసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు లేని వెసులుబాటు ఇది.

రెండోది, మూలధనంగా ఇవ్వాలి. 200 మంది నెలకు ఒక్క రియాల్ చొప్పున ఎవరికి వారే పంపినా ఏడాదికి 2,400 రియాళ్లు. రియాల్‌కు 200 రూపాయలే వేసుకున్నా 4 లక్షల 80 వేలు. అసలు ముట్టకుండా డిపాజిట్ చేసి, ఆరు శాతం వడ్డీ వస్తే ఏటా 28,800. ఒక పేద విద్యార్థికి పుస్తకాలకు, పరీక్ష ఫీజులకు ఆసరా అవుతుంది. రెండో ఏడు ఇద్దరికి, పదో ఏడు పదిమందికి. అసలు కదలకూడదని, వడ్డీ ఎవరికి పోవాలో ముందే కాగితం మీద రాయించుకోవాలి.

మూడోది, ఉస్మానియా ఒక్కదాన్నే చూడొద్దు. ఇక్కడ ఎండలో పనిచేసే చాలామంది పిల్లలు చదివేది కరీంనగర్‌లో 2008లో వచ్చిన శాతవాహనలో, డిచ్‌పల్లిలో 2006లో వచ్చిన తెలంగాణ యూనివర్సిటీలో. ఉస్మానియాకు ప్రపంచమంతా పూర్వ విద్యార్థులున్నారు. వీటికి ఇంకా అంత బలగం లేదు. వీటికి మనమే బలగం.

నాలుగోది, లెక్క అడగాలి. సర్కారు యూనివర్సిటీ సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. మన విరాళం ఏమైందని మాత్రమే కాదు, ఈ ఏడు గ్రాంట్ ఎంత విడుదలైంది, ఎన్ని పోస్టులు నింపారు అని అడగాలి. దాతలు వస్తున్నారు కదా అని సర్కారు చేయి వెనక్కి తీసుకుంటే, మన రియాల్ పిల్లలకు మేలు చేసినట్టు కాదు, సర్కారుకు సాకు ఇచ్చినట్టు.

అందుకే ఇచ్చే చేయి, అడిగే నోరు రెండూ కావాలి. ఒక్క రియాల్ పంపిన వాడికి కూడా అడిగే హక్కుంది. ఏమీ పంపలేని వాడికీ ఉంది, ఎందుకంటే ఆ గ్రాంటు మన ఇంటివాళ్లు కట్టే పన్నే. రాష్ట్రం అడిగి తెచ్చుకున్నవాళ్లం, పంతుళ్లను అడగడానికి మొహమాటమెందుకు?

జై తెలంగాణ.