మీ సంచిలోని చాకు శుభ్రంగా ఉందా?

(భవానీపురంలో రోగుల బంధువులకు చేసిన ప్రసంగ పాఠం)



మీవారిని చూడడానికి వచ్చేటప్పుడు బత్తాయిలు, జామకాయలు, వేసవిలో అయితే నూజివీడు మామిడిపండ్లు తెస్తారు. వాటిని కోయడానికి సంచిలో ఒక మడతచాకు కూడా ఉంటుంది. పండు కడుగుతారు, చేతులు కడుగుతారు. చాకును మాత్రం కొంగుతోనో, తువ్వాలుతోనో తుడిచి మడిచేస్తారు. పండ్ల రసం, తడి ఆ మడతలోనే ఉండిపోతాయి. మన కృష్ణాతీరపు ఉక్కలో అక్కడ సూక్ష్మక్రిములు త్వరగా పెరుగుతాయి. ఆరోగ్యవంతులు తట్టుకోగలరేమో గాని, షుగర్ ఉన్నవారు, క్యాన్సర్ మందులు వాడేవారు తట్టుకోలేరు.

కనుక ఈ జాగ్రత్తలు పాటించండి:

1. చాకును పూర్తిగా తెరిచి, గోరువెచ్చని సబ్బునీటితో కడగండి. పదునువైపు వేళ్లు పెట్టకండి.

2. పిడిలోని గాడిని, కీలును పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.

3. మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తెరిచి ఆరబెట్టండి. తడిగా ఉండగా మడవకండి.

4. కీలు బిగుసుకుంటే మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ ఒక్క చుక్క వేయండి. కుట్టుమిషను నూనె వాడవద్దు.

5. మొద్దుబారితే సాన పట్టించి, మళ్లీ కడగండి. మొద్దుచాకును గట్టిగా నొక్కినప్పుడే జారి వేలు తెగుతుంది.

6. పండ్ల చాకుతో మాంసం, చేపలు, గోళ్లు, కట్లు కోయకండి. పిల్లలకు అందకుండా ఉంచండి.

తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం తుప్పు కాదు. ఆ క్రిమి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. మట్టి అంటితే తళతళలాడే చాకు కూడా ప్రమాదమే. పూర్వం కొడవలితోనో, పాత బ్లేడుతోనో బొడ్డు కోయడం వల్ల ఎందరో పసికందులు ఈ జబ్బుతో చనిపోయారు. గర్భిణులకు టీకాలు వేయడం, శుభ్రమైన కాన్పులు పెరగడం వల్ల 2015 నాటికి మన దేశంలో ప్రతి జిల్లాలోనూ పసిబిడ్డల ధనుర్వాతం వెయ్యి జననాలకు ఒకటి కంటే తగ్గింది. పరిశుభ్రతకు, టీకాకు ఉన్న బలం అది.

పండు కోస్తూ వేలు తెగితే పసుపు, కాఫీపొడి అద్దకండి. ధారగా పడే నీటిలో సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, వెంటనే నర్సుకు చూపించండి. చివరిసారి ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి. గుర్తులేకపోయినా ఆ మాటే చెప్పండి, సిగ్గుపడకండి.

ఈ సాయంత్రం పండు కోసే ముందు ఒక్కసారి చాకు తెరిచి గాడిలోకి చూడండి. అక్కడ నల్లని మురికి కనిపిస్తే, ముందు చాకును కడగండి, తరువాతే పండు కోయండి.